జర్మనీలో క్రిస్మస్.. బాపుతో బాయిలోకి!

డిసెంబర్‌లో అమ్మ, బాపు వస్తున్నారని చెప్పగానే హాస్టల్‌లో తలా ఒక ప్లాన్ ఇచ్చారు. ‘ప్యారిస్ తీసుకెళ్లు, ఈఫిల్ టవర్ ముందు ఫొటో లేకపోతే యూరప్ వచ్చారంటే ఎవరూ నమ్మరు’ అని ఒకరు. ‘స్విట్జర్లాండ్ మంచు చూపించు’ అని ఇంకొకరు. నా ప్లాన్ మాత్రం మొదటి నుంచీ ఒక్కటే. నేను చదువుకునే ఊళ్లోనే, నేలకు 150 మీటర్ల కింద ఉన్న వెండి గనిలోకి బాపును తీసుకెళ్లాలి.

ఎందుకంటే మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. మా ఇళ్లల్లో గనిని గని అనరు, బాయి అంటారు. చిన్నప్పుడు ‘నేనూ వస్తా బాపూ’ అంటే ‘ఆడివిల్లలు బాయి దిగొద్దు బిడ్డా’ అనేవాడు. అది బాపు మాటే కాదు, చట్టం మాట కూడా. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టుకోవద్దంది. 2019లో కేంద్రం ఆ నిబంధనను సడలించింది. అప్పటికి నేను ఇంటర్.

బీటెక్ అయ్యాక మూసేసిన గనుల్లో నీళ్లు, నేల ఏమవుతాయో చదవడానికి జర్మనీ వస్తానన్నప్పుడు బాపు పీఎఫ్ డబ్బులు తీసిచ్చాడు. కానీ ఒక్కమాట అన్నాడు. ‘నేను బాయి దిగింది నువ్వు దిగద్దనే’. ఆ తర్వాత రెండేళ్లలో నా చదువు గురించి ఎప్పుడూ అడగలేదు. ఫోన్‌లో ‘తిన్నవా, చలి ఎట్లున్నది’ అంతే.

గనుల మీద నిలబడ్డ ఊరు

ఊరి పేరు ఫ్రైబెర్గ్. జర్మనీ తూర్పు వైపు సాక్సనీ రాష్ట్రంలో, డ్రెస్డెన్ నుంచి రైల్లో దాదాపు 40 నిమిషాలు. 1168లో ఇక్కడ వెండి దొరికింది. ఆ వెండి చుట్టూనే ఊరు పుట్టింది. 1765లో గనుల చదువు కోసం ఇక్కడ ఒక అకాడమీ పెట్టారు. అదే ఇప్పుడు మా యూనివర్సిటీ. మీ ఫోన్ స్క్రీన్‌లో ఉండే ఇండియం మూలకాన్ని 1863లో, మొదటి తరం ట్రాన్సిస్టర్లకు ప్రాణం పోసిన జెర్మేనియంను 1886లో కనిపెట్టింది ఈ చిన్న ఊళ్లోనే.

1969లో ఇక్కడి గనులు పూర్తిగా మూతపడ్డాయి. ఊరు మాత్రం మూతపడలేదు. ఈ కొండల ప్రాంతాన్ని ఎర్ట్స్‌గెబిర్గె అంటారు, అంటే ఖనిజాల కొండలు. చెక్ దేశంలోకి కూడా విస్తరించిన ఈ గనుల ప్రాంతం 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. క్యాంపస్‌లో ఇప్పటికీ ‘హలో’ బదులు ‘గ్లూక్ ఔఫ్’ అంటారు. పాత గని కార్మికుల పలకరింపు అది. అదృష్టం కలిసిరావాలి, క్షేమంగా పైకి రావాలి అని అర్థం చెబుతారు.

సూట్‌కేసులో తొక్కు పాస్.. నెయ్యి ఫెయిల్

అమ్మానాన్నలను పిలవాలంటే ముందు షెంగెన్ వీసా. ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. నేను ఆహ్వాన లేఖ, చదువుతున్నట్టు సర్టిఫికెట్ పంపాను. బాపు పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి పత్రాలు జత చేశాడు. పండగ సీజన్‌లో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం కాబట్టి సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టాం. ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు.

అమ్మ లిస్టులో మొదటి పేరు నెయ్యి. రెండోది పాలకోవా. రెండూ కుదరవు. బయటి దేశాల నుంచి ఈయూలోకి పాలు, మాంసంతో చేసినవి తేకూడదు. తాజా కరివేపాకు కూడా వద్దన్నాను. ‘మరి నేను వచ్చుడెందుకు?’ అంది. చివరికి మామిడికాయ తొక్కు, సకినాలు, బియ్యప్పిండి, నువ్వులతో బరువు సరిపెట్టింది.

హాస్టల్‌లో నా గది ఒక మంచం, ఒక బల్ల పట్టేంత. అందుకే పక్క వీధిలో ఒక పెద్దావిడ ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాం. మొదటి రెండు రోజులు బాపు ప్రతి ధరనూ వందతో గుణించాడు. కాఫీ మూడున్నర యూరోలంటే ‘మూడువందల యాభయ్యా!’ అని కప్పు కింద పెట్టేశాడు. నేను ఏది కొన్నా ‘మాకెందుకు బిడ్డా’ అనేవాడు. బిడ్డకు బరువైపోయామన్న బెంగ ఆయన నడకలోనే కనిపించేది. బస్సులో కూడా సీటు అంచున కూర్చునేవాడు.

కిటికీల్లో గని దీపాలు

ఇక్కడ డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. ‘మూడు గంటలకే దీపాల యాళ్లయితాంది’ అని అమ్మ దిగులుపడింది. కానీ చీకటి పడ్డాకే ఈ ఊరు లేస్తుంది. ప్రతి కిటికీలో సగం చక్రం ఆకారంలో కొవ్వొత్తుల వంపు ఒకటి వెలుగుతుంది. దాని పేరు ష్విబ్‌బోగన్. క్రిస్మస్ ముందు చివరి షిఫ్ట్ రోజున కార్మికులు తమ దీపాలను గని ముఖద్వారం చుట్టూ తగిలించేవారని, ఆ వంపే ఇదని ఇక్కడివాళ్లు చెబుతారు.

దాని పక్కన చాలా ఇళ్లల్లో రెండు చెక్క బొమ్మలు. ఒకటి దేవదూత, ఒకటి గని కార్మికుడు. ఇంట్లో ఎందరు ఆడపిల్లలుంటే అన్ని దేవదూతలు, ఎందరు మగపిల్లలుంటే అందరు కార్మికులు పెట్టడం పాత ఆనవాయితీ. చలికాలంలో తెల్లవారకముందే బాయి దిగి, పొద్దు గూకాక పైకి వచ్చేవాళ్లకు సూర్యుడు కనిపించేది ఆదివారాలే. వెలుగు అంటే వాళ్లకు అంత ఆశ. ఇది చెప్పినప్పుడు బాపు ఆగి ఆ కిటికీని చాలాసేపు చూశాడు. ‘ఫస్ట్ షిఫ్ట్‌ల మాగ్గూడ గంతే’ అన్నాడు.

ఆ శనివారం సాయంత్రం గని కార్మికుల ఊరేగింపు. నల్ల కోట్లు, ఈకలు పెట్టిన టోపీలు, చేతుల్లో కాగడాలు, వెనక బ్యాండ్. వీధికి రెండు వైపులా జనం. చిన్నపిల్లలు భుజాలెక్కి చప్పట్లు కొడుతున్నారు. గనులు మూసి ఇన్నేళ్లయినా ఊరు ఊరంతా వచ్చి కార్మికుడికి చప్పట్లు కొడుతోంది. బాపు తన మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఆ చలిలో. అమ్మ తిడుతున్నా మళ్లీ పెట్టుకోలేదు.

గ్యాస్ లేని బాయి

సోమవారం రైషె త్సెషె గని. పేరుకు అర్థం సంపన్నమైన గని. ఇప్పుడది మా యూనివర్సిటీ విద్యార్థులు పాఠాలు నేర్చుకునే గని. సందర్శకులనూ గైడ్‌తో పంపుతారు, ముందే బుక్ చేసుకోవాలి. లోపల ఏడాదంతా పది డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంటే డిసెంబర్‌లో బయటికన్నా లోపలే నయం! ఓవరాల్, బూట్లు, హెల్మెట్, దీపం ఇచ్చారు. అమ్మ పైనే ఉంటానంది. ‘మీ బాపు ముప్పై ఏండ్లు లోపలికి పోయిండు, నేను ముప్పై ఏండ్లు బయట చూసిన. గిదొక్కరోజు నాకెందుకు కొత్త?’ అని క్యాంటీన్‌లో కూర్చుంది.

హెల్మెట్ పెట్టుకోగానే బాపు మారిపోయాడు. నా హెల్మెట్ పట్టీ తనే బిగించాడు, దీపం సరిగ్గా ఉందో లేదో చూశాడు. లిఫ్ట్ లాంటి కేజ్‌లో కిందికి దిగుతుంటే నా చెయ్యి పట్టుకుంది ఆయనే.

కింద గైడ్ ఒక పాత చెక్క దీపం చూపించాడు. ముందువైపు తెరిచి ఉన్న డబ్బా, లోపల నూనె వత్తి. ‘ఉత్త మంట పట్టుకొని బాయిలకు పోతరా! గ్యాస్ అంటుకోదా?’ అని బాపు అదిరిపడ్డాడు. బొగ్గు గనిలో మీథేన్ ఉంటుంది. అగ్గిపుల్ల కూడా లోపలికి రానివ్వరు. ఇక్కడి రాయిలో వెండి, సీసం, జింక్ తప్ప బొగ్గు లేదు కాబట్టి వాళ్లు మంటతోనే పనిచేశారు. నేను రెండేళ్లలో చదువుకున్న తేడాను బాపు ఒక్క ప్రశ్నలో పట్టేశాడు.

ఇంకాస్త ముందుకు పోయాక పాత కర్ర స్తంభాలున్న చోట ఆగాడు. గైడ్‌ను అడిగి ఒకదాన్ని వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ‘కట్టె ముందుగాల చప్పుడు జేస్తది. ఇనుము చెప్పకుంటనే ఇరుగుతది. గందుకే నాకు కట్టె మీదనే నమ్మకం’. నేను జర్మన్‌లోకి మార్చి చెప్పగానే గైడ్ పెద్దగా నవ్వాడు. తమ పెద్దవాళ్లూ అచ్చం ఇదే అనేవారట. తర్వాత గైడ్ టూర్ ఆపి బాపునే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. పైకప్పు శబ్దం ఎలా వినాలి? బోలుగా మోగితే ఎంత దూరం వెనక్కి రావాలి? నేను మధ్యలో అనువాదం చేస్తూ నిలబడ్డాను. ఒక్కమాటకు జర్మన్ దొరకక బాపు చేతులతో చేసి చూపించాడు. అది అనువాదం లేకుండానే గైడ్‌కు అర్థమైంది.

పైకి వచ్చే ముందు బాపు అడిగాడు. ‘బాయి మూసినంక గీ నీళ్లన్నీ ఏడికి పోతయి?’

అది నా థీసిస్ ప్రశ్న. పంపులు ఆపితే గనిలోకి నీరు ఎలా నిండుతుందో, రాళ్లలోని లోహాలు ఆ నీటిలో కలిసి వాగులకు ఎలా చేరతాయో చెప్పాను. ఇక్కడ పాత కార్మికులు తవ్విన నీటి సొరంగాలు ఇప్పటికీ ఆ నీటిని బయటికి మోస్తున్నాయి. జర్మనీలో చివరి రాతి బొగ్గు గని 2018 డిసెంబర్‌లో మూతపడిందని కూడా చెప్పాను. ‘మరి మనుషులేమైండ్రు?’ అన్నాడు వెంటనే. మా దగ్గర ఒక్కొక్క భూగర్భ గని మూసి ఓపెన్‌కాస్ట్‌లు తవ్వుతుంటే ఊళ్లు ఎలా మారాయో చూసిన మనిషి కదా. ‘అదీ చదువుతున్నం బాపూ’ అన్నాను. తల ఊపాడు. రెండేళ్ల తర్వాత నా చదువు గురించి మేం మాట్లాడుకున్నది అదే మొదటిసారి, అదీ నేల కింద.

అన్నీ బంద్.. ఇంట్లో సకినాలు

డిసెంబర్ 24 మధ్యాహ్నం నుంచే షాపులు మూసేస్తారు. 25, 26 రెండు రోజులూ సెలవు. ఆదివారాలు ఎలాగూ బంద్. అందుకే పాలు, బియ్యం, కూరగాయలు ముందే తెచ్చుకోవాలి. మేం డ్రెస్డెన్ కూడా ముందే చూసొచ్చాం. అక్కడి ష్ట్రీట్సెల్ మార్కెట్ 1434 నుంచి ఉంది. యుద్ధంలో కూలి 2005లో మళ్లీ నిలబడ్డ ఫ్రావున్‌కిర్షె చర్చి దగ్గర పాత నల్ల రాళ్లు, కొత్త తెల్ల రాళ్లు కలిపి కట్టిన గోడలను బాపు తన కళ్లతోనే కొలిచాడు.

పండగ రోజు అమ్మ మళ్లీ సకినాలు చుట్టింది. పొగ అలారం మోగుతుందేమోనని కిటికీ తెరిచి, నేను టవల్ ఊపుతూ కాపలా. కింది ఇంటి పెద్దావిడకు ఒక ప్లేటు ఇస్తే ఆమె పంచదార పొడి చల్లిన ష్టొల్లెన్ కేకు ఇచ్చింది. జర్మన్‌లో గని సొరంగాన్నీ ష్టొల్లెన్ అనే అంటారని చెబితే బాపు ముక్క కోసి లోపలికి చూసి ‘పైకప్పు మంచిగనే ఉన్నది’ అన్నాడు.

మీరూ పిలుస్తున్నారా?

లోకల్ రైళ్లు, బస్సులకు డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోండి. 2025లో నెలకు 58 యూరోలు, 2026 జనవరి నుంచి 63. ఐసీఈ లాంటి స్పీడ్ రైళ్లకు పనిచేయదు. అది నెలనెలా ఆటోమేటిక్‌గా రెన్యూ అవుతుంది. కాబట్టి వాళ్లు వెళ్లిపోయే నెల 10వ తేదీలోగా క్యాన్సిల్ చేయాలి. అమ్మకు చీర కింద థర్మల్స్, మంచి పట్టున్న బూట్లు ముందే కొనండి. రోజుకు ఒక్క ప్లానే పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లకు తెలిసిన పని ఉన్న చోటుకు ఒక్కసారైనా తీసుకెళ్లండి. రైతు అయితే పశువుల కొట్టానికి, టైలర్ అయితే బట్టల మ్యూజియానికి, డ్రైవర్ అయితే ట్రామ్ డిపోకు. ఈఫిల్ టవర్ దగ్గర వాళ్లు మీ వెనకాలే నడుస్తారు. ఇక్కడ మీరు వాళ్ల వెనకాల నడుస్తారు.

వెళ్లేముందు మార్కెట్‌లో బాపు ఒక చెక్క బొమ్మ కొన్నాడు, ఈసారి వందతో గుణించకుండానే. ఆడపిల్లకు దేవదూత కదా అని నేను గుర్తుచేశాను. ‘నువ్వు బాయి పిల్లవు’ అని కార్మికుడి బొమ్మే నా బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు పొద్దున్నే వాట్సాప్‌లో పూల గుడ్ మార్నింగ్‌లు రావడం లేదు. తెలుగులో టైప్ చేసిన రెండు మాటలు వస్తాయి. ‘గ్లూక్ ఔఫ్’.