బిగించాలా, ఊడదీయాలా

మెడైనా కౌంటీ, ఒహాయో

అక్టోబరు 14, 2023, శనివారం

ఇల్లు కొన్నప్పటి నుంచీ షెడ్డులో మూల పడున్నదాన్ని ఇవాళ బయటికి లాగాం. టైర్లలో గాలి లేదు. నేనూ అబ్బాయీ ఎంత తోసినా కదల్లేదు, చివరికి కారుకి తాడు కట్టాల్సొచ్చింది. ఎండలో చూస్తే అనుకున్నంత అధ్వాన్నంగా లేదు. పసుపు, తెలుపు రంగులు. బానెట్ పక్కన ‘కబ్ క్యాడెట్ 128’ అని ఇంకా చదవగలిగేలానే ఉంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు కెంటకీలోని లూయీవిల్‌లో 1971–74 మధ్య చేసిన రకం. ఒకటే సిలిండరు, పోత ఇనుము, 12 హెచ్‌పీ కోలర్ ఇంజను. ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి.

ఇక్కడ పచ్చిక కోసే బండి వేరు, గార్డెన్ ట్రాక్టరు వేరు. మొదటిది బెల్టు మీద నడుస్తుంది, నాగలి కడితే దాని గేరుబాక్సు తట్టుకోదు. దీనికి ఇంజను నుంచి గేరుబాక్సు దాకా ఇనుప షాఫ్టు. 1961లో ఈ వరస మొదలైనప్పుడు గేరుబాక్సుని ఫార్మాల్ కబ్ అనే అసలుసిసలు పొలం ట్రాక్టరు నుంచి తీసుకున్నారు. అందుకే యాభై ఏళ్లు దాటినా వీటికి గిరాకీ.

మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి, “తుక్కువాడికి ఫోన్ చేస్తే వాడే వచ్చి పట్టుకుపోతాడుగా?” అంది. ఇంకా ఏమీ అనుకోలేదన్నాను.

అక్టోబరు 15, ఆదివారం

కాగితం మధ్యలో గీత గీసి లెక్క వేశా.

బాగు చేస్తే: ఇంజను సామాను, బోరు ఖర్చు, క్లచ్చి, టైర్లు, బ్యాటరీ. రంగు జోలికి పోకపోయినా వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇంతా చేశాక అమ్మితే ఈ చుట్టుపక్కల ఐదారొందలు వస్తే గొప్ప.

ముక్కలుగా అమ్మితే: స్టార్టర్-జనరేటరు, బానెట్, ముందు గ్రిల్లు, వెనక చక్రాలు, గేరుబాక్సు, క్రీపరు. విడివిడిగా కూడితే నడిచే బండి ధర కన్నా ఎక్కువే తేలింది.

కాగితం మీద ముక్కలదే గెలుపు. కాకపోతే మంచి ముక్కలు వారంలో పోతాయి, మిగతావి ఏళ్ల తరబడి గరాజులో పడుంటాయి. పైగా తుప్పు పట్టిన ప్రతి బోల్టూ ఊడదీయాలి, కడగాలి, పెట్టె కట్టాలి, పోస్టులో వేయాలి. కొనేవాడికి ఫొటోలు పంపాలి, బేరాలు వినాలి. ఊడదీయడం బిగించడం కన్నా తేలిక పనేం కాదు.

ఒకటి మాత్రం బాగుంది. బాగు చేసినా, ముక్కలుగా అమ్మినా మొదట తిప్పాల్సిన బోల్టులు అవే. కాబట్టి లోపలేముందో చూసేదాకా ఏదీ అమ్మను, కొత్తగా ఏదీ కొనను.

అక్టోబరు 23, సోమవారం, దసరా

ఆవిడ కారుకి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అబ్బాయి ట్రాక్టరుకీ పెట్టమన్నాడు. “అది నడిస్తే వచ్చే ఏడు పెడతా” అంది.

రాత్రి బాబాయ్‌కి ఫోన్ చేశా. ఆయనకి ఇండియాలో పొద్దున.

“ఏరా, ట్రాక్టరు కొన్నావంట?”

“కొనలేదు బాబాయ్, ఇంటితోపాటు వచ్చింది. పన్నెండు హెచ్‌పీ.”

“పన్నెండా? అది ట్రాక్టరా, పిల్లలాడుకునేదా?”

మన ఇంట్లో ఒకప్పుడు ఉన్న బీ-275 ట్రాక్టరు ముప్ఫై అయిదు. ఇదీ అదే కంపెనీదని చెప్తే నమ్మలేదు. 1963లో మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి బొంబాయిలో ట్రాక్టర్ల కంపెనీ పెట్టారనీ, మన ఎర్ర బండి అందులోంచే వచ్చిందనీ చెప్పా. “అవునవును, ఇంటర్నేషనల్ అనేవాళ్లంరా దాన్ని” అన్నాడు. అది చివరికి ఏమైందని అడిగా. ఇంజను ఎవరో కొని కాలవ గట్టు మీద పంపుకి బిగించుకున్నారట, వెనక యాక్సిలు ఇంకెవరి ట్రక్కుకో పోయిందట. తాతయ్య ఏమన్నాడని అడిగితే, “ఏమంటాడు, డబ్బులు లెక్కెట్టుకున్నాడు” అన్నాడు.

ఫోన్ పెట్టేసే ముందు, “అది సరే, ఏం దున్నుతావురా దాంతో?” అని అడిగాడు. చూద్దాంలే బాబాయ్ అన్నా.

అక్టోబరు 28, శనివారం

ఇంజను దించాం. పుల్లీ పట్టుకుని తిప్పితే సగం తిరిగి టక్కున ఆగుతోంది. రింగులు పట్టేసి ఉంటే అసలు తిరగదు, ఇది వేరే రోగం.

ఆయిలు వదిలితే గిన్నె అడుగు తడిసేంత వచ్చింది. నల్లగా, చిక్కగా, మధ్యలో వెండి రజను. కింది ఆయిలు తొట్టి విప్పితే కనెక్టింగ్ రాడ్ రెండు ముక్కలై పడుంది. ఈ ఇంజన్లో ఆయిలు పంపు ఉండదు. రాడ్ కింది మూతకి చిన్న నాలికలాంటిది ఉంటుంది, తిరిగినప్పుడల్లా అదే ఆయిల్ని చిలకరించి లోపలంతా తడుపుతుంది. మట్టం తగ్గితే నాలికకి ఆయిలు అందదు. అల్యూమినియం రాడ్ నేరుగా క్రాంకు మీదే తిరుగుతుంది కనుక నిమిషాల్లో పట్టేసి విరుగుతుంది. ఎవరు నడిపారో, ఎప్పుడు నడిపారో, డిప్‌స్టిక్ చూడకుండా నడిపారు.

మట్టీ గ్రీజూ గీకాక బ్లాకు పక్కన వేలు దూరేంత కంత కనిపించింది. విరిగిన రాడ్ పొడుచుకొచ్చిన చోటు. అబ్బాయి అందులోకి టార్చి వేసి చాలాసేపు చూశాడు.

నవంబరు 4, శనివారం

బ్లాకుని మెషీన్ షాపుకి పట్టుకెళ్లా. బోరు కొలిచి చూస్తే ఇదివరకే అంగుళంలో 20 వేలవంతులు పెద్దది చేసి ఉంది. దీనికి పిస్టన్లు 10, 20, 30 ఓవర్‌సైజుల్లో దొరుకుతాయి, అంటే మిగిలింది ఇంకొక్క బోరే. కంతని వెల్డింగు చేయొచ్చు గానీ పోత ఇనుము మళ్లీ పగలదని పూచీ ఇవ్వలేనన్నాడాయన. క్రాంకు మీద గీతలు కూడా లోతుగానే పడ్డాయి. “మీ డబ్బు కనక చేస్తా, నా డబ్బయితే చేయను” అన్నాడు. ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్తారు!

ఇదే రకం పాత ఇంజను వెతకొచ్చు. దొరికినా దాని లోపల ఏముందో విప్పితే గానీ తెలియదు. లేదా కొత్త తరహా ఇంజను పెట్టి షాఫ్టుకి జోడు కుదిర్చేవాళ్లూ ఉన్నారు. అది వేరే బండి అవుతుంది.

నవంబరు 5, ఆదివారం

గేరుబాక్సు ఆయిలు వదిలా. కవ్వంతో చిలికిన మజ్జిగలా తెల్లగా వచ్చింది. గేరు రాడ్ దగ్గర రబ్బరు చిరిగి, ఆ సందులోంచి నీళ్లు దిగాయి. ప్రాణం ఉసూరుమంది. మూత తీసి గుడ్డతో తుడుస్తూ ఒక్కో గేరూ తిప్పి చూస్తే, పళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. అంచులు పదునుగా ఉన్నాయి, ఎక్కడా పొక్కులు లేవు. ఫోర్కుల మీద పలచటి తుప్పు ఉంది, గీకితే పోయింది.

దాని ముందు క్రీపరు ఉంది. షాఫ్టుకీ గేరుబాక్సుకీ మధ్య కూర్చునే చిన్న పెట్టె. లీవరు వేస్తే బండి మనిషి నడక కన్నా నెమ్మదిగా పోతుంది. నేల గుల్లచేసే టిల్లరుకీ, మంచు ఎత్తిపోసే యంత్రానికీ అదే కావాలి. అప్పట్లో దాన్ని విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అందుకే అరుదు. అదొక్కటే అమ్మమని ఒకాయన అడుగుతున్నాడు, మంచి ధరే. ఇంకా తేల్చుకోలేదన్నా.

నవంబరు 11, శనివారం

రేపు దీపావళి. గరాజు సర్దమని ఆవిడ ఒకటే పోరు.

వూస్టర్ వైపు నుంచి ఇంకొకాయన ఫోన్ చేశాడు. ఆయనదీ 128. దాంతో మొక్కజొన్న, బంగాళాదుంప వేసే మడి దున్నుకుంటాడట. నాగలి రాయికి తగిలి వెనక గేరుబాక్సు కేసు పగిలింది. ఇంజను బ్రహ్మాండంగా ఉంది. వెనక భాగం మొత్తం కావాలి, క్రీపరు ఉంటే అదీ తీసుకుంటానన్నాడు. ధర చెప్తే బేరం కూడా ఆడలేదు. విడిగా అడిగినాయన క్రీపరుకి మాత్రం ఇంకాస్త ఎక్కువ ఇస్తానన్నాడు.

బాబాయ్ అడిగింది గుర్తొచ్చింది. మా పెరట్లో గోంగూర, వంకాయ, చిక్కుడు. మే నెల సగం దాకా మంచు భయం, సెప్టెంబరు పోతే మళ్లీ చలి. ఉన్న నాలుగు మళ్లకి అద్దె టిల్లరు ఒక్క పూట చాలు. దీనికి ఇక్కడ పని లేదు. పని లేని చోట ఇంజను కోసం ఏడాదిపాటు వెతికి, వెయ్యి డాలర్లు పోసి నిలబెడితే మళ్లీ అదే షెడ్డులో నిలబడుతుంది. వూస్టరాయన దగ్గర వసంతంలో దున్నాల్సిన మడి ఉంది, లేనిదల్లా వెనక భాగం.

తేలిపోయింది. ముక్కలే.

నవంబరు 17, శుక్రవారం

ఒక పద్ధతి పెట్టుకున్నా. పెద్దది ముందు. క్రీపరు లాంటి గిరాకీ సరుకు ముందే ఇచ్చేస్తే వెనక భాగాన్ని అడిగేవాడుండడు, చివరికి తూకానికే వేయాలి. అందుకని వెనక భాగం, క్రీపరు, లీవర్లు, రాడ్లు అన్నీ కలిపి వూస్టరాయనకే. క్రీపరు కోసం మొదట అడిగినాయనకి ఇవ్వలేనని మర్యాదగా చెప్పేశా. స్టార్టర్-జనరేటరు, బానెట్, గ్రిల్లు విడిగా. చట్రం, బ్లాకు తుక్కుకి.

అబ్బాయి అలిగాడు. “బాగు చేద్దామన్నావు కదా నాన్నా?” అని. వూస్టర్‌లో ఒక 128 బాగవుతోంది కదరా, అది మన షెడ్డులో ఉండదు, అంతే అన్నా. వాడికి సగమే నచ్చింది. బిగించేటప్పుడు వీడు వచ్చి చూడొచ్చా అని అడిగితే వూస్టరాయన సరే రమ్మన్నాడు. ఎగిరి గంతేశాడు.

ఆయన రేపు పది గంటలకి ట్రక్కుతో వస్తాడు. ఈలోగా వెనక చక్రాల నట్లకి నూనె పట్టించాలి, నట్లూ పిన్నులూ విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాయాలి, గేరు రాడ్‌కి కొత్త రబ్బరు వేసుకోమని మరిచిపోకుండా చెప్పాలి.