గుండీ లేని చొక్కా

ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో ఎగుమతికి పనికిరావన్న చొక్కాల కుప్ప. కుట్టు వంకరపోయిందని విదేశీ కంపెనీ తోసేసినవి ఇక్కడ మనం బేరమాడి మరీ కొంటాం. నేను చూసుకునే చిన్న ఆఫీసు మెయిల్ సర్వర్ ముందూ రోజూ ఇలాంటి వంకర మెయిళ్ల కుప్పే.

పంపేటప్పుడు మడి, పుచ్చుకునేటప్పుడు పట్టువిడుపు: ఇంటర్నెట్ నియమాలు రాస్తూ 1980లో జాన్ పోస్టెల్ చెప్పిన నీతి ఇదే. ఆ ఔదార్యమే రకరకాల యంత్రాల మధ్య ఉత్తరాలు నడిపింది. దాని ఖరీదు 2023 డిసెంబరులో తెలిసొచ్చింది. మెయిల్లో ప్రతి పంక్తి చివరా సీఆర్, ఎల్ఎఫ్ అనే రెండు గుర్తులూ ఉండాలి. ఒక్కటే ఉన్నా కొన్ని సర్వర్లు పోనీలే అన్నాయి. దాంతో ఉత్తరం ఎక్కడ ముగిసిందో పంపినవాడి లెక్క ఒకటి, అందుకున్నవాడి లెక్క మరొకటి. ఆ సందులోంచి ఒక ఉత్తరం కడుపులో ఇంకో దొంగ ఉత్తరం దూరింది. దాని పేరే ఎస్ఎంటీపీ స్మగ్లింగ్.

మా సర్వర్లో నడిచే మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ తలుపు బిగించింది. సొంత నెట్‌వర్క్‌లోని పాత యంత్రాలకు మాత్రం మినహాయింపు ఉంచింది. ఒక్క గుర్తుతోనే మెయిల్ పంపే మా ముసలి స్కానర్ బతికిపోయింది.

మార్కెట్లో ఆ కుప్పలోంచి ఒక చొక్కా తీసి వెలుతురులో పెట్టి చూశాను. ఒక గుండీ లేదు, కుట్టుకోవచ్చు. జేబులో చెయ్యి పెట్టాను, చిల్లు లేదు. కొన్నాను.