వోల్గానుండి పలాసకు

కొందరు రైలెక్కి దేశములు చూతురు. కొందరు పుస్తకము తెరచి చూతురు. ఈ రెండు దారులను తిరిగినవాడు రాహుల్ సాంకృత్యాయన్. 1893లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో జన్మించిన ఈ బహుభాషాపండితుడు 1935లోను, 1937లోను రష్యాకు వెళ్ళెను. లెనిన్‌గ్రాడు నగరమున బౌద్ధశాస్త్రములయందు ఆరితేరిన శ్చెర్బాత్‌స్కీ స్నేహమును పొందెను.

రష్యా చరిత్రలో రైతుల కథ మిక్కిలి దుఃఖకరమైనది. 1861 వరకు అచటి సేద్యగాండ్రలో ఎందరో భూస్వాములకు కట్టుబానిసలు. పశువులవలె వారిని అమ్ముటయు కలదు. ప్రభువంశమున పుట్టిన టాల్‌స్టాయి 1859లో తన యాస్నాయా పొల్యానా గ్రామమున రైతుబిడ్డలకు బడి పెట్టెను. భయముతో బ్రతుకు నీడ్చిన ఒక కార్మికుని తల్లి ధీరురాలైన విధమును గోర్కీ ‘అమ్మ’ నవలలో చిత్రించెను. క్రొవ్విడి లింగరాజు దానిని తెనిగించెను.

ఇట్టి కథలు మన ఉత్తరాంధ్ర రైతులకు పరాయివి కావు. టెక్కలి, పలాసల మీదుగా పోవు రైలుదారికి తూర్పున సముద్రము వరకు ఉద్దానము కలదు. కొబ్బరి, జీడి తోటల ఈ చల్లని సీమకు చేరువనే నాడు మందస జమీందారీ ఉండెను. అడవిలో కట్టెలు కొట్టుకొనుటకును రైతులు పోరాడవలసి వచ్చెను.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగెను. దానికి అధ్యక్షుడుగా ఎన్నుకొనబడినవాడు రాహులుడే. కాని సభకు ముందే ప్రభుత్వము ఆయనను నిర్బంధించెను. పలాసకు రావలసిన యాత్రికుడు చెరసాలకు పోయెను.

సభ ముగిసిన కొద్దిదినములకే, ఏప్రిల్ 1వ తేదీన, గుడారి రాజమణిపురమున పోలీసులు రైతులను పట్టుకొనిపోవ వచ్చిరి. గున్నమ్మ అను రైతుస్త్రీ వారి కడ్డముగా నిలిచెను. గర్భవతియైన ఆ తల్లి తుపాకి గుండ్లకు బలియయ్యెను. గోర్కీ సృష్టించిన అమ్మ నవలలో నిలిచినది. ఈ అమ్మ మన నేలపై నడచినది.

రాహులుడు 1942లో హజారీబాగ్ చెరలో ‘వోల్గా సే గంగా’ అను గ్రంథమును హిందీలో వ్రాసెను. క్రీ.పూ. 6000 నాటి వోల్గాతీరమున మొదలై, 1942 వరకు సాగిన 20 కథలు అందు కలవు. చాగంటి తులసి దానిని తెలుగు చేసెను. మద్రాసు ప్రభుత్వపు 1948 నాటి చట్టముతో జమీందారీలు అంతరించెను. పలాససభకు రాలేకపోయిన యాత్రికుడు మాత్రము పుస్తకమై తెలుగువారి యిండ్లకు వచ్చెను.

పరదేశపు కథ చదువునపుడు తన ఊరి కథను ప్రక్కన ఉంచుకొనవలెను. అప్పుడు వోల్గా రైతు కన్నీరును, ఉద్దానపు రైతు కన్నీరును ఒకే ఉప్పదనము కలవని తెలియును.