బుల్లెట్టు కింద డాల్డా మూత

మా పెదనాన్న బుల్లెట్టు ఎక్కడ ఆగితే అక్కడ ఒక చుక్క పెట్టేది. చావిడి పంచలో అది రోజూ నిలబడేచోట నాపరాళ్ల మీద పళ్లెమంత నల్లమరక కట్టింది. ఊక పోసి రుద్దినా, సున్నం రాసినా పోలేదు. పండగలకి ముగ్గేసేటప్పుడు నాయనమ్మ ఆ మరక చుట్టూ రేకులు గీసి దాన్నే పువ్వు నడిమి బొట్టు చేసేది. రాత్రి పడుకోబోయే ముందు గేరుబాక్సు కింద డాల్డా డబ్బా మూత పెట్టడం నా పని. పొద్దున్నే ఆ మూతలో చేరిన నూనెని ఆవిడ కోడీకతో తీసి నూతి గిలక ఇరుసుకి రాసేది. వీధిలో అందరి గిలకలూ కిర్రుమంటుంటే మాది మాత్రం చప్పుడు లేకుండా తిరిగేది.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. అవన్నీ పసుపు ఊళ్లు. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి పెద్ద పెద్ద పెనాల్లో పసుపు కొమ్ములు ఉడుకుతుంటే, ఆ మట్టివాసన కలిసిన ఆవిరి బడిదాకా వచ్చి మా పలకల మీద, చొక్కాల మీద, ఆఖరికి తినే అన్నం మీద కూడా వాలేది. ఎండి, పొట్టు రాలి, గోతాలకెక్కిన పసుపు వేసవికి మా చావిడి నిండా ఉండేది. పెదనాన్న కొల్లిపర, కొల్లూరు, రేపల్లె వైపు రైతుల ఇళ్లకి వెళ్లి, కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, బేరం కుదిర్చి దుగ్గిరాల యార్డుకి తోలించేవాడు. సాయంత్రం కాలవగట్టు మలుపులో దుగ్‌దుగ్‌మని చప్పుడు వినపడగానే పెద్దమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది. ఆయన చేతులు పచ్చగా, బూట్లు నల్లగా ఉండేవి. ఆ నలుపు గేరుబాక్సుది.

ఆ బండి మద్రాసు తిరువొత్తియూరులో పుట్టింది. అక్కడ బుల్లెట్ల తయారీ మొదలైంది మన మిలటరీవాళ్లు సరిహద్దుల్లో తిరగడానికేనని పెదనాన్న గొప్పగా చెప్పేవాడు. మాదీ మిలటరీ వేలంలో బయటికొచ్చి, ఇద్దరు ముగ్గురి చేతులు మారి మా ఇంటికి చేరిందే. ట్యాంకు మీద నల్లరంగు గీసుకుపోయిన చోట అడుగున ఆకుపచ్చ కనపడేది. గేర్లు కుడికాలికి. ఒకటోది పైకి, మిగిలిన మూడూ కిందికి. మీ ఇంట్లోనూ అలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది, ఏ జావాయో, రాజ్‌దూతో; దాని పక్కన నిలబడితే పిక్కకి తగిలే వేడి మీకూ గుర్తుండే ఉంటుంది.

1981 వేసవిలో, కాలవలు కట్టేసి చెరువు నీళ్లు అడుగంటిన రోజుల్లో, తెనాలి నుంచి మేస్త్రి వచ్చాడు. అప్పటికి ఆ గేరుబాక్సుకి ఆయిల్ సీలు మూడుసార్లు మార్చారు. మార్చిన వారం బాగుండేది, మళ్లీ మూత నిండేది. మేస్త్రి గోనెసంచిలో పానాలు, సుత్తి, ఉలి తెచ్చుకున్నాడు గానీ గంటసేపు దేన్నీ బయటికి తియ్యలేదు. మూతలో నూనెని రెండువేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు, నాకూ చూపించాడు. చిక్కగా ఉంది, దీపావళి మతాబుల్లాంటి గంధకం వాసన. "ఇది గేరుబాక్సుదే బాబూ. పక్కనున్న చైన్ కవరు నూనె అయితే పల్చగా, మాడు వాసనొస్తుంది. ముందు ఏది కారుతోందో తేల్చుకోవాలి" అన్నాడు.

తరవాత విప్పడం మొదలెట్టాడు. ఎడంపక్క పెద్ద కవరంతా నడిమధ్య ఒక్క నట్టు మీద నిలబడుతుందని ఆరోజే తెలిసింది నాకు. పెద్దమ్మ ఒక పాత పంచె ఇస్తే దాన్ని పరిచి నన్ను కూర్చోబెట్టి, ఊడొచ్చిన ప్రతిదాన్నీ వచ్చిన వరసలోనే పెట్టమన్నాడు. క్లచ్చి స్ప్రింగులు మూడు, ప్లేట్లు ఒకదాని తరవాత ఒకటి, డైనమో అయస్కాంతం. ఆ అయస్కాంతానికి నేను మేకులు అంటించి ఆడుకుంటుంటే మేస్త్రి కోప్పడకుండా తీసుకుని, అంటిన ఇనపరజను తుడిచి, శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టాడు. గేరుపళ్ల చక్రం నట్టు విప్పేటప్పుడు వెనకచక్రం తిరక్కుండా నేనూ మా పెద్దన్నయ్యా చెరోవైపు గట్టిగా పట్టుకున్నాం. నట్టు కదలినప్పుడు టక్కుమన్న చప్పుడుకి గోతాల మీది పిల్లి దిగి పారిపోయింది.

అప్పుడు పిలిచాడు మేస్త్రి పెదనాన్నని. క్లచ్చి కూర్చునే షాఫ్టు ఒక గొట్టంలాంటి గేరులోంచి బయటికొస్తుంది. సీలు ఆ గొట్టం చుట్టూ ఉంటుంది. మేస్త్రి షాఫ్టు కొస పట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. ఆడింది. "చూశారా పెద్దయ్యగారూ, సీలు గొట్టం బయట కాపలా కాస్తోంది. నూనె గొట్టం లోపలి దారిన వచ్చేస్తోంది. సీలు ఎన్ని మార్చి ఏం లాభం? లోపల కంచు బుష్షు అరిగింది." ఎందుకరిగిందంటే, లోపలి చైను ఎవరో మరీ బిర్రుగా బిగించారట. బిర్రుగా ఉన్న చైను షాఫ్టుని ఎప్పుడూ ఒకపక్కకే లాగుతుంది. చైనుకి కాస్త ఒదులుండాలని, వేలితో నొక్కి ఎంత ఒదులో నాకు చూపించాడు. ఆ ఒదులు ఇప్పటికీ నా వేలికొసన ఉంది. ఎక్కడ చైను కనపడినా నొక్కి చూస్తాను.

ఇంక గేరుబాక్సు మొత్తం విప్పక తప్పలేదు. ఆ గొట్టం గేరుని గుడ్డలో చుట్టుకుని మేస్త్రి సాయంత్రం బస్సుకి తెనాలి వెళ్లాడు, లేతు మీద కొత్త బుష్షు తిప్పించి ఎక్కించడానికి. బండి పంచలో చక్రాల మీద బొమికలగూడులా నిలబడింది. కోళ్లు సామాన్లు చిందరవందర చేస్తాయని నాయనమ్మ పంచె మీద కోళ్లగంప బోర్లించి పైన రాయి పెట్టింది. అన్నీ కడగడానికి సత్తు బేసినులో పోసింది రేషను కిరసనాయిలే, ఆ నెల వాటాలో సగం అయిపోయింది. అందుకని వారం పాటు దీపాలు పెందలాడే ఆర్పి, ఆరుబయట మంచాల మీద వెన్నెట్లోనే కబుర్లు చెప్పుకున్నాం. పసుపూ కిరసనాయిలూ కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ వేసవి వాసనే.

మర్నాడు పొద్దెక్కాక మేస్త్రి వచ్చి, కొత్త బుష్షులో షాఫ్టు పెట్టి ఆడించమన్నాడు నన్ను. ఆడలేదు. నున్నగా తిరిగింది. గేరుబాక్సు కవరుకి వెయ్యాల్సిన ప్యాకింగు కొన్నది కాదు. ప్యాకింగు కాయితాన్ని కవరు మీద పరిచి, సుత్తి గుండుతో అంచు వెంబడే సన్నగా తడుతూ పోతే అంచుకి ఆనినచోటల్లా కాయితం తెగి, బోల్టు బెజ్జాలతో సహా ఆకారం ఊడొచ్చింది. ఆ దెబ్బ వెయ్యడంలో ఉన్న నెమ్మది నేను చాలా పనుల్లో వెతుక్కున్నాను, తక్కువ మంది చేతుల్లో కనపడింది. బిగించేటప్పుడు నేను పంచె చివరి నుంచి ఒక్కొక్కటే అందించాను. ఏదీ మిగల్లేదు, ఏదీ తక్కువ కాలేదు. ఈ రకం పెట్టెలో పల్చటి నూనె ఒక్కటే పొయ్యకూడదని, మెత్తటి గ్రీజులో 90 ఆయిలు కలిపి వేళ్లతో పిసికి, జున్నులా చేసి నింపాడు. పెద్దమ్మ పెట్టిన గోంగూరా ముద్దపప్పూ తిని, ఇచ్చిన డబ్బు లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

ఆ రాత్రి కూడా అలవాటుకొద్దీ మూత పెట్టాను. తెల్లారి చూస్తే దాంట్లో వేపపువ్వు రెండు రేకులు తప్ప ఏమీ లేదు. తరవాత రోజూ అంతే. మూడోవారంలో అనుకుంటాను, మా నూతి గిలక కూడా కిర్రుమనడం మొదలెట్టింది. నాయనమ్మ చేద తోడుతూ ఒకసారి ఆగి బండి వైపు చూసింది, ఏమీ అనలేదు. పెదనాన్న పంచె ఎగ్గట్టి లేచి, మేస్త్రి మిగిల్చి వెళ్లిన 90 ఆయిలు సీసా అటకమీంచి దించి, డాల్డా మూతలో రెండు చుక్కలు పోసి, కోడీకతో సహా ఆవిడ చేతికిచ్చాడు.