ఆరు వందల కత్తులు

రాత్రి పదకొండు దాటాక మన హాస్టల్లో ఎక్కువ మంది ఆడేవి తుపాకీ ఆటలు. నాకు మాత్రం ఆ తుపాకీ చేసినోడెవడు, వాడికి పని ఎవరు నేర్పారు అనే దాని మీదే మనసు పోతుంది. అలాంటి వాళ్ళ కోసమే ఒక ఆట ఉంది, పేరు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు 2006లో దాన్ని మొదట విడుదల చేశారు. చాలా ఏళ్ళు అందులో బొమ్మలే లేవు. కీబోర్డు మీది అక్షరాలు, గుర్తులే కొండలు, మనుషులు, పిల్లులు అన్నీను. బొమ్మలతో స్టీమ్‌లోకి వచ్చింది 2022 డిసెంబర్లో.

ఏడుగురు మరుగుజ్జుల్ని ఒక కొండ పక్కన దించుతారు. తవ్వుకోవాలి, పండించుకోవాలి, బతకాలి. ఇవాళ కాకపోతే రేపు శత్రువులు వస్తారు కాబట్టి ఆయుధాలు కావాలి. ఆయుధాలు కావాలంటే ఒక కమ్మరి కావాలి. మొదట్లో వాడికి ఏమీ రాదు, మనమే తయారు చేసుకోవాలి.

ఆ తయారీకి ఒక లెక్క ఉంది. ఒక్కో ఆయుధం చేస్తే కమ్మరికి 30 పాయింట్ల అనుభవం. ఏమీ రాని స్థాయి నుంచి అన్నిటికంటే పైనున్న ‘లెజెండరీ’ స్థాయికి 15 మెట్లు. మొదటి మెట్టుకి 500 పాయింట్లు, తర్వాత ప్రతి మెట్టుకీ ఇంకో వంద ఎక్కువ. మొత్తం కూడితే 18,000. అంటే ఆరు వందల ఆయుధాలు. మంచి ఇనుము అంతా దీనికే తగలేస్తే యుద్ధానికి ఏమీ మిగలదు. అందుకని ఆడేవాళ్ళు రాగితో చేయిస్తారు. చేయించిన దాన్ని మళ్ళీ కరిగిస్తే లోహం కొంత తిరిగొస్తుంది. దాంతో మళ్ళీ చేయిస్తారు. చెయ్యి తిరిగేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. అన్నిటికంటే గొప్ప పనితనం ఉన్న కత్తికి మామూలు కత్తి కంటే 12 రెట్లు విలువ.

నాకు అన్నిటికంటే నచ్చిన రూలు ఇంకోటి. కమ్మరికి చాలా రోజులు పని ఇవ్వకపోతే వాడి నైపుణ్యానికి తుప్పు పడుతుంది. ఆటలో నిజంగా ఆ మాటే వాడతారు. ఇనుముకే కాదు, ఇనుము పని తెలిసిన చేతికీ తుప్పే.

మాది తుమ్మలపల్లె. కడప జిల్లా, వేముల మండలం, పులివెందుల పక్కన. నేను ఆయుధాలు తయారుచేసే ఆట ఆడతానని తెలిసిన రోజు నుంచి మా ఫ్లోర్‌లో జోకులే జోకులు. ‘కడపోడికి ట్రైనింగ్ ఎందుకురా, పుట్టుకతోనే లెజెండరీ కదా!’ అని ఒకడు. ‘బాంబుల వర్క్‌షాప్ ఏ లెవెల్‌లో వస్తుంది బ్రో?’ అని ఇంకొకడు. 1999లో సమరసింహారెడ్డి వచ్చినప్పుడు మనమెవరం పుట్టలేదు. అయినా ఆ సినిమాలూ, వాటి వెనక వచ్చినవీ మా జిల్లా చేతిలో పెట్టిన వేటకొడవలి ఇంకా దిగలేదు. నవ్వేస్తాను. కానీ మా ఊర్లో ఇనుము పని అంటే నాకు గుర్తొచ్చేది వేటకొడవలి కాదు, కర్రు, గడ్డపార, సలికె, తొలిక, చీనీ చెట్ల కొమ్మలు కొట్టే కొడవలి. అవి చేసేది మా ఆచారి తాత.

ఆటలో ఉక్కు కావాలంటే ఇనుము, బొగ్గు ఉంటే చాలదు, సున్నపురాయి జాతి రాయి ఒకటి కావాలి. డోలమైట్ అయినా పనికొస్తుంది. తవ్వుతుంటే డోలమైట్ పొర కనపడితే ఆడేవాళ్ళకి పండగే. మా ఊరి కింద ఉన్నది ఆ డోలమైట్ రాయే. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి పక్కనున్న వేంపల్లె పేరే పెట్టారు. మా యురేనియం ఉన్నది అందులోనే. ఆ రాయి ఆమ్లాన్ని తాగేస్తుంది కాబట్టి ఇక్కడి మిల్లులో ఆమ్లానికి బదులు క్షారంతో యురేనియం తీస్తారు. గూగుల్లో మా ఊరి పేరు కొడితే గనే వస్తుంది. కొలిమి రాదు.

ఆచారి తాత లారీ కమాను పట్టీలు కొనుక్కొచ్చి కొడవళ్ళు చేస్తాడు. మన సిలబస్ భాషలో చెప్తే అది సుమారు 0.6 శాతం కార్బన్ ఉండే స్ప్రింగ్ స్టీలు. కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సాగగొట్టి, మళ్ళీ కాల్చి అంచు మాత్రం నీళ్ళలో ముంచుతాడు. అప్పుడది గాజులా గట్టిపడుతుంది, అలాగే వదిలేస్తే గాజులాగే విరుగుతుంది. అందుకే అంచుని రాయితో తెల్లగా రుద్ది, సెగ మీద పట్టుకుని రంగు చూస్తాడు. మనం టెంపరింగ్ అని రెండు మార్కుల ప్రశ్నకి రాసేది ఇదే. మన ల్యాబ్‌లో ఫర్నేస్ మీద అంకె చూస్తాం. తాత దగ్గర అంకె లేదు.

‘అబ్బోడా, ఎండిన వరిగడ్డి రంగు వచ్చిందా, ఇంగ ఆపల్ల. రొంతసేపు పోనిచ్చినావంటే నెమలి కంఠం రంగు తిరుగుతాది. అది గొడ్డలికి. కొడవలికి పెడితే వంగిపోతాది.’

పుస్తకం తెరిచి చూశాను. గడ్డి రంగు దాదాపు 230 డిగ్రీలు, ఊదా దాటి నీలం వచ్చేది 290 దరిదాపుల్లో. గొడ్డలికి, ఉలికి, స్ప్రింగుకి ఏ రంగు దగ్గర ఆపాలో అందులోనూ పట్టిక ఉంది.

ఎన్ని కొడవళ్ళు చేస్తే ఆ రంగు పట్టుబడుతుంది తాతా అని అడిగాను. ఆట ప్రకారం ఆరు వందలని నా మనసులో ఉంది. తాత లెక్క చెప్పలేదు. ‘చేస్తే యాడొస్తాది? తిరిగొస్తే వస్తాది’ అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. తాత విడమరిచి చెప్పాడు. కొడవలి తీసుకుపోయినోడు ఆర్నెల్లకి మళ్ళీ పదునుకి తెస్తాడు. అంచు పెచ్చులూడి వస్తే గట్టిదనం ఎక్కువైందని. అంచు మడతపడి వస్తే సెగ ఎక్కువసేపు పెట్టానని. ఏ రైతు పొలంలో రాళ్ళెక్కువ, ఎవరి కర్రు తొందరగా అరుగుతుంది, ఎవరిది ఎడమచేతి వాటం, అన్నీ వెనక్కి వచ్చిన ఇనుమే చెప్తుంది. అప్పట్లో పంట మీద మేర కొలిచేవాళ్ళు. ఏడాదంతా ఎన్నిసార్లు కర్రు చరిపించుకున్నా అదే మేర. కాబట్టి పని సరిగ్గా చేయకపోతే నష్టం రైతుకంటే కమ్మరికే.

ఆట తయారుచేసినవాళ్ళకి తుప్పు సంగతి తెలుసు, కానీ ఈ సంగతి అందులో లేదు. అక్కడ చేసిన కత్తి పదునుకని మళ్ళీ కమ్మరి దగ్గరికి రాదు. అయితే యుద్ధానికి పోతుంది, లేదంటే కరిగిపోతుంది. వాడు నేర్చుకునేది కేవలం లెక్క పెరిగినందుకే.

తాత కొలిమికి ఇప్పుడు వచ్చిన కష్టం కూడా ఇదే. ట్రాక్టరొచ్చి కర్రు పోయింది. కొడవళ్ళు, సలికెలు పులివెందుల అంగళ్ళలో రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. మొండిబారితే పారేసి కొత్తది కొంటున్నారు. చౌక, నేను తప్పు పట్టను. మా ఇంట్లోనూ అవే. కానీ తిరిగొచ్చే ఇనుము ఆగిపోయింది. తాత కొడుకు కువైట్‌లో డ్రైవరు. తిత్తి పోయి కరెంటు బ్లోవర్ వచ్చింది, ఇప్పుడది కూడా వారానికి రెండు రోజులు తిరిగితే ఎక్కువ.

ఇది ఒక్క మా ఊరి కథ కూడా కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుముని మట్టి మూసలో మూసేసి కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్ళు. దాన్నే ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నారు. ఆ పేరు మన ఉక్కు అనే మాట నుంచే పోయిందంటారు. 1820ల నాటికి కూడా ఇరాన్ వ్యాపారులు అక్కడికొచ్చి కొనుక్కుపోయేవాళ్ళని హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటివాడు ఆ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. ఆటలో ‘లెజెండరీ’ అంటే అది. కొనేవాళ్ళు రావడం ఆగింది, మూసలు చల్లారాయి. ఇవాళ పరిశోధకులు అక్కడి చిట్టెం కుప్పలు తవ్వి ఆ పద్ధతి ఏమిటో ఊహిస్తున్నారు. పని తెలిసిన చెయ్యి ఒక్కటి మిగిలుంటే అడిగి తెలుసుకునేవాళ్ళు.

మా ఊర్లో ఆ చెయ్యి ఇంకా ఉంది. అందుకే పోయిన సెలవుల నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ ఇనుము, ఏ పనిముట్టు, ఏ రంగు దగ్గర ఆపాడు, ఎవరు తీసుకుపోయారు. చివర ఒక గడి ఖాళీ: ఎలా తిరిగొచ్చింది. తాత దాన్ని చూసి ‘రాస్తే వచ్చే విద్యనా ఇది?’ అని నవ్వాడు. అయినా సమ్మెట ఇచ్చి కొట్టమంటాడు. నా దెబ్బ దాగలి మీద సరిగ్గా పడితే ఏమీ అనడు, అదే నాకు మెచ్చుకోలు.

పోయినసారి ఇంటికెళ్ళినప్పుడు మా ఇంట్లో మొండిబారిన మూడు రెడీమేడ్ కొడవళ్ళు, పక్కింటి పెద్దమ్మది ఒక మచ్చుకత్తి పట్టుకెళ్ళాను. తాత ఒక్కోదాన్నీ వేలుతో మీటి చూసి, రెండు పక్కన పడేశాడు. ‘దీంట్లో ఇనుమే ల్యా’ అన్నాడు. మిగతా రెండూ కొలిమిలోకి పోయాయి.

మీ ఊర్లో కూడా ఒక కొలిమి ఉండే ఉంటుంది, సగం చల్లారి. ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళేటప్పుడు దాన్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టకండి. మొండిబారిన కత్తి ఒకటి తీసుకెళ్ళి పదును పెట్టించుకోండి. డబ్బులివ్వండి. ఆర్నెల్లు వాడి, మళ్ళీ తీసుకెళ్ళి ఎలా పనిచేసిందో చెప్పండి.