నీటి వాలు

మా ఊరు కామారెడ్డి జిల్లాలోని డోంగ్లి. మంజీరానది మాకు చేరువనే పారుచున్నది. ఎగువనున్న నిజాంసాగరమునుండి నీరు వదలినప్పుడు ఆ నదిని చూచినచో గుండె ఝల్లుమనును. నాకు ఈత నేర్పినవాడు మా తాత. చిన్ననాట ఒకసారి నేను ఎదురీదబోయి, అలసి మునుగుచుండగా, ఆయన నన్ను పట్టుకొని, "నీళ్లతో కొట్లాడకు బిడ్డా! వాలుకు పోవుకుంట మెల్లగ ఒడ్డుకు జరుగు" అని చెప్పెను. ఆ మాటలోని సత్యము చాలకాలమునకు సముద్రగర్భమున నాకు బోధపడినది.

పెరిగి పెద్దవాడనైన పిమ్మట ఉద్యోగరీత్యా అండమాను దీవులకు పోయితిని. 2018 వరకు హావ్‌లాక్ అని పిలువబడిన స్వరాజ్ ద్వీపముచెంత పగడపు దిబ్బలు కలవు. ఒకనాడు గాలి సిలిండరును వీపున కట్టుకొని, ఒక మిత్రునితో కూడ అచ్చట మునిగితిని. ప్రవాహము తీవ్రముగానున్న చోట పడవకు లంగరు వేయరు. మునిగినవారు నీటివాలున సాగుదురు. పడవ పైనుండి వారిని అనుసరించును. గంటకు 2 కిలోమీటర్ల వేగమనగా మన నడకకన్న తక్కువే. కాని నీరు గాలికన్న దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. ఆపాటి ప్రవాహమునకు ఎదురీదువాడు సైతము త్వరలో అలసిపోవును. సిలిండరులోని గాలియు త్వరగా తరిగిపోవును.

రైలు కిటికీలోనుండి పొలములు కనబడునట్లు, మా క్రింద పగడపు దిబ్బ వెనుకకు జరుగుచుండెను. పగడములు వట్టి రాళ్లు కావు. సున్నపు గూళ్లు కట్టుకొని కలసి బ్రదుకు చిన్న ప్రాణులు. చోటు విడిచి కదలలేని ఆ ప్రాణులకు ఆహారమును ప్రవాహమే తెచ్చియిచ్చును. 2010లో సముద్రజలము మితిమీరి వేడెక్కగా అండమాను పగడములు అనేకము తెల్లబారినవి. అట్టి సుకుమారమైనవానిని నిలుచుటకై పట్టుకొనరాదు.

ఇంతలో ఒక తాబేలు కనబడెను. దాని వింత చూచుచు ఒక యిసుకపల్లమున, బండచాటున ఆగితిని. తలయెత్తునప్పటికి మిత్రుడు కానరాలేదు. అతడు వెనుక నుండిపోయెనేమోయని భయపడి ఎదురీదితిని. ఊపిరి బరువెక్కెను. గాలిని కొలుచు ముల్లు వడిగా దిగజొచ్చెను. అప్పుడు తాత మాట జ్ఞప్తికి వచ్చెను. ఈదుట మానితిని. "విడిపోయినచో ఒక్క నిమిషము వెదకి పైకి రావలెను" అని మేము ముందే అనుకొంటిమి. ఆ ప్రకారమే నలుదెసలు చూచి, నిమిషమునకు 9 మీటర్లకు మించకుండ పైకి లేచితిని. 5 మీటర్ల లోతున 3 నిమిషములు ఆగితిని. రక్తములో కరగిన నత్రజని మెల్లగా వెలికి పోవుటకు ఆ విరామము అవసరము. నారింజరంగు తేలుడుసంచిని పైకి వదలగా పడవవారు నన్ను గుర్తించిరి.

మిత్రుడు అప్పటికే పడవలో నుండెను. అతడును ఒక్క నిమిషమే వెదకి పైకి వచ్చెనట! మాటకు కట్టుబడుటవలననే ఇరువురమును బ్రదికితిమి.

సెలవులకు ఊరికి వచ్చి ఈ సంగతి చెప్పుచుండగా, తాత పగడములను గూర్చి యడుగలేదు. తాబేలును గూర్చియు నడుగలేదు. నా మాటకు అడ్డువచ్చి, "నీ జతగాడు ఒడ్డు చేరిండా?" అని యడిగెను. తాబేలును చూచినపుడు నేను మరచిన ప్రశ్న అదియే.