గది వెచ్చదనంతో నడిచే గడియారం

యాంత్రిక గడియారాల చరిత్రలో నిపుణుల శ్రద్ధ చాలావరకు కాలాన్ని కచ్చితంగా కొలవడం మీదనే నిలిచింది గాని, గడియారానికి కావలసిన శక్తి ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్నకు కీ ఇచ్చే మనిషి చేతినే సమాధానంగా సరిపెట్టుకోవడం పరిపాటి అయింది. ఆ చేతి అవసరం లేకుండా, గదిలో పగటికీ రాత్రికీ సహజంగా వచ్చే వేడి తేడాతోనే తన స్ప్రింగును తానే చుట్టుకునే టేబుల్ గడియారాన్ని 1928లో స్విట్జర్లాండులోని నూషాటెల్ కు చెందిన ఇంజనీరు ఝాన్ లియోన్ రూటెర్ రూపొందించాడు. ఆ గడియారం పేరు ఆట్మోస్.

ఈ ఊహకు పూర్వీకులు లేకపోలేదు. 17వ శతాబ్దం తొలినాళ్లలోనే కోర్నేలిస్ డ్రెబెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు గాలి మార్పులతో నడిచే యంత్రాన్ని ఇంగ్లండు రాజు జేమ్స్ కొలువులో ప్రదర్శించాడు. 1760లలో లండనులో జేమ్స్ కాక్స్ వాతావరణ పీడనపు హెచ్చుతగ్గులతో నడిచే గడియారాన్ని చేయించాడు గాని, దానికి సుమారు 68 కిలోల పాదరసం కావలసివచ్చింది. న్యూజీలాండులోని డునెడిన్ లో ఆర్థర్ బెవర్లీ 1864లో నిర్మించిన గడియారం ఒటాగో విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఉంది. దానికి ఎవరూ కీ ఇవ్వరు, అయినా ఉష్ణోగ్రత చాలినంతగా మారని సమయాల్లో అది ఆగిపోయిన సందర్భాలున్నాయి. ఈ జాతి గడియారాలు శాశ్వత చలనయంత్రాలు, అంటే ఏ శక్తీ తీసుకోకుండా నిరంతరం తిరిగే యంత్రాలు కావనడానికి ఆ ఆగిపోవడమే చక్కని సాక్ష్యం. ఇవి సూర్యుడు గాలికిచ్చిన వేడిలో అతి చిన్న భాగాన్ని తీసుకొని బతికే యంత్రాలు.

రూటెర్ తొలి నమూనాలో గాజుగొట్టంలో పాదరసమూ అమోనియా వాయువూ ఉండేవి. 1930ల మధ్యలో ఆ పని చేపట్టిన జేజర్ లెకూల్ట్ర్ సంస్థ పాదరసాన్ని విడిచిపెట్టి ఈథైల్ క్లోరైడును ఎంచుకొని, 1939 నాటికి కొత్త నమూనాను పూర్తిస్థాయిలో తయారుచేయసాగింది. ఈథైల్ క్లోరైడు సుమారు 12 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరిగి ఆవిరయ్యే పదార్థం కనుక, గది ఉష్ణోగ్రతలో వచ్చే స్వల్పమైన మార్పుకు కూడా దాని పీడనం గణనీయంగా మారుతుంది. గడియారం వెనుకభాగంలో గుండ్రని లోహపు డబ్బా, అందులో హార్మోనియం తిత్తి వలె మడతలు మడతలుగా ఉన్న పెట్టె కనిపిస్తాయి. వాయువు వ్యాకోచించినప్పుడు తిత్తి సాగి ఎదురుగా ఉన్న స్ప్రింగును నొక్కుతుంది. చల్లబడినప్పుడు స్ప్రింగు తిత్తిని వెనక్కి నెడుతుంది. ఈ రాకపోకలను సన్నని గొలుసు ఒకటి ఒకే దిశలో తిరిగే పళ్లచక్రానికి అందించగా ప్రధాన స్ప్రింగు చుట్టుకుంటుంది. 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఒక్క డిగ్రీ మారితే చాలు, గడియారం సుమారు రెండు రోజులు నడుస్తుంది.

అయితే ఈ నిర్మాణంలోని అసలు గొప్పతనం సంపాదనలో కంటే పొదుపులోనే ఉందనిపిస్తుంది. సాధారణ చేతిగడియారం గంటకు 18,000 నుంచి 28,800 సార్లు కొట్టుకుంటుండగా, ఆట్మోస్ గంటకు 120 సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. అందులో లోలకంగా పనిచేసే చక్రం అటూ ఇటూ ఊగదు. సన్నని తీగకు వేలాడుతూ ముప్పై సెకన్లు ఒకవైపు, ముప్పై సెకన్లు మరొకవైపు నింపాదిగా తిరుగుతుంది. తీగ మెలితిరగడం వల్ల పనిచేసే ఇటువంటి లోలకాన్ని విమోటన లోలకం అంటారు. తీగను ఎలిన్వార్ అనే మిశ్రలోహంతో చేస్తారు. వేడి మారినా దీని స్థితిస్థాపకత, అంటే సాగి తిరిగి యథాస్థితికి వచ్చే గుణం, దాదాపు మారదు. వేడి మార్పుతో నడిచే యంత్రానికే ఆ మార్పు వల్ల కాలగణన చెడకుండా కాపాడే లోహం కావలసిరావడం ఈ గడియారంలోని అత్యంత సున్నితమైన సంగతి. ఆ లోహాన్ని కనుగొన్న షార్ల్ ఎడ్వార్ గియోమ్ కూడా నూషాటెల్ ప్రాంతంలోనే పుట్టాడు. నికెల్ ఉక్కు మిశ్రలోహాలపై కృషికి 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఇంత పొదుపు వల్లనే, ఆరు కోట్ల ఆట్మోస్ లకు కావలసిన శక్తి ఒక 15 వాట్ల బల్బుకు సరిపోతుందని తయారీదారులు లెక్క చెబుతారు.

స్విస్ ప్రభుత్వం విదేశీ అతిథులకు ఈ గడియారాన్ని కానుకగా ఇచ్చే ఆనవాయితీ పాటించింది. పాత ఆట్మోస్ లు నేడు వేలంశాలల్లోనూ పాత వస్తువుల అంగళ్లలోనూ దొరుకుతున్నాయి. అటువంటిది చేతికి వచ్చినవారు దాన్ని కదిపే ముందు పీఠం దగ్గరి మీటతో చక్రాన్ని తప్పక బంధించాలి. లేకపోతే తీగ తెగే ప్రమాదముంది. పెట్టిన చోట స్క్రూ కాళ్లను తిప్పి, పీఠంలోని మట్టపు బుడగ నడిమికి వచ్చేదాకా సరిచేయాలి. ఆగిపోయిన గడియారాన్ని అంతటితో పాడైపోయిందని పారవేయరాదు. తిత్తిలోని వాయువు ఏళ్ల తరబడి కారిపోయి ఉండవచ్చు, తెలిసిన పనివాడు తిత్తిని మార్చితే అది మళ్లీ నడుస్తుంది.